పసుపు రెక్కలు ఎటు పోతున్నాయి?

వానలు పడ్డాక మన పెరళ్ల మీదుగా ఒక ప్రయాణం సాగుతుంది. దాన్ని ఫొటో తీసేవాళ్లు పెరిగారు. రాసి పెట్టేవాళ్లే తక్కువ.

పెరట్లో ఎగిరే సీతాకోకచిలుక ఆ పెరటిదో, దారిన పోయేదో తేల్చుకోవాలంటే ప్రహరీ గోడ దగ్గర నిలబడి చూడాలి. పెరటిదైతే గోడ దాకా వెళ్లి వెనక్కి మళ్లుతుంది. మందారం చుట్టూ ఇంకో ప్రదక్షిణ చేస్తుంది, నిమ్మచెట్టు నీడలో కాసేపు కూర్చుంటుంది, తనలాంటిది ఇంకోటి ఎదురైతే దాని వెంట పడుతుంది. దారిన పోయేదానికి అంత తీరిక ఉండదు. గోడ అడ్డమొస్తే పైకి లేచి దాటి, అవతల మళ్లీ మనిషెత్తుకి దిగి, అదే దిక్కు పట్టుకుని పోతుంది. ఇల్లు అడ్డమొచ్చినా చాలావరకు అంతే. డాబా ఎక్కి దిగుతుంది తప్ప పక్కసందులోకి తిరగదు. దాని వెనక ఇంకోటి వస్తుంది. కాసేపాగి మరో రెండు. అన్నీ పసుపే, అన్నీ ఒకే వైపు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది వానాకాలపు ముచ్చట. జూన్‌లో నైరుతి పలకరించి, చెట్లు చిగుళ్లు తొడిగిన కొన్ని వారాలకి పసుపు రెక్కలు ఎక్కువవుతాయి. మధ్యమధ్య ఆగుతూ, మళ్లీ ఊపందుకుంటూ కార్తీకం దాకా కనిపిస్తాయి. ఒక ఏడాది ఎవరూ పట్టించుకోనంత పలచగా ఉంటాయి. ఇంకో ఏడాది ఆమదాలవలస రోడ్డు మీద స్కూటర్ నడిపేవాడి ఛాతీకి వచ్చి తగులుతాయి.

మా పక్కింటి అప్ప ఓ రోజు నా అవస్థ చూసి గోడ మీంచి పలకరించింది. "ఏటి బాబూ, పొద్దుట్నుంచీ ఆ మందారానికి దండాలెడతన్నావు?" మోకాళ్ల మీద కూర్చుని కెమెరా కంటికి ఆనించుకుంటే దూరానికి అలాగే కనిపిస్తుంది మరి. సీతాకోకచిలుకల కోసమని చెప్పాను. "అవి ఏటేటా వొస్తాయి కదేటి. ఎల్లిపోతాయి." ఎటు వెళ్తాయప్పా అంటే, గాలిలో చేత్తో ఓ గీత గీసి, "ఎటెల్తాయో ఎవుడు సూసొచ్చాడు?" అంది.

మంచి ప్రశ్నే. ఎవరో ఒకరు చూడాలి. అందుకు పెద్ద చదువులు అక్కర్లేదు, ఒక పెరడు, ఒక ఫోను, కాస్త ఓపిక చాలు.

పసుపు ఒకటే, రకాలు మూడు

మన పెరళ్లలో పసుపుగా ఎగిరేవన్నీ ఒక్కటి కావు. గడ్డిని ఆనుకుని నేలబారుగా, తడబడుతున్నట్టు తిరిగే చిన్నది కామన్ గ్రాస్ ఎల్లో. రెక్క పైభాగాన అంచు నల్లగా ఉంటుంది. అవిసె చెట్టున్నా, పొలంలో పచ్చిరొట్టకి చల్లిన జీలుగు ఉన్నా ఇది గుడ్లు పెట్టుకోగలదు. గడ్డిచేమంతి పువ్వంటే దీనికి ప్రాణం.

వలసలో ముందుండేవి వేరు. కామన్ ఎమిగ్రెంట్, మాటిల్డ్ ఎమిగ్రెంట్ అని రెండు. శాస్త్రజ్ఞులు వీటిని కాటోప్సిలియా పొమోనా, కాటోప్సిలియా పైరాంథీ అంటారు. మాటిల్డ్ రకం తెలుపులో లేత ఆకుపచ్చ కలిసినట్టుంటుంది. రెక్క అడుగున సన్నని గోధుమరంగు గీతలు చిలకరించినట్టుంటాయి. కామన్ ఎమిగ్రెంట్ పెద్దది, నిమ్మపండు రంగుది, వేగంగా, పైపైన, తిన్నగా ఎగిరేది. ఈ కథనంలో నాయిక ఇదే.

ఈ నాయికకి వేషాలు ఎక్కువ. ఒకే తల్లి పిల్లల్లోనే మీసాలు నల్లగా ఉన్నవి, ఎర్రగా ఉన్నవి రెండూ పుడతాయి. కొన్ని ఆడవాటికి రెక్క అడుగున పెద్ద పెద్ద ఎర్రమట్టి మచ్చలుంటాయి, కొన్నిటికి ఏమీ ఉండవు. ఎర్రమీసాల దాన్ని, నల్లమీసాల దాన్ని 1775లో రెండు వేరు వేరు జాతులుగా పేరు పెట్టి, చాలా కాలం అలాగే నమ్మారు. ఎగిరేటప్పుడు మీసం రంగు ఏ కంటికీ అందదు. పువ్వు మీద వాలిన క్షణంలో తీసిన ఫొటోని పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. ఫొటో వల్ల కలిగే మొదటి లాభం ఇదే అనుకుంటాను.

పువ్వు కాదు, ఆకు

సీతాకోకచిలుకల తోట పెంచాలని నర్సరీకి వెళ్లేవాళ్లు పూలమొక్కలే కొంటారు. నూరువరహాలు, బిళ్లగన్నేరు, మందారం, లంటానా. తప్పేం లేదు, వాటికి తేనె కావాలి. కానీ పువ్వు నాటితే వచ్చేది అతిథి, ఆకు నాటితే వచ్చేది ఆడపడుచు. పురిటికి వస్తుంది.

ఎమిగ్రెంట్ పురుడు తంగేడు కుటుంబం ఇంట్లో. పొమోనాకి రేల, సీమ తంగేడు ముఖ్యం. అడవి పక్క ఊళ్లలో మోదుగ ఆకు కూడా తింటుంది. మాటిల్డ్ రకానికి తంగేడు, కసింద, తగిరిస, తామరకి ఆకు నూరి రాసే మెట్టతామర సరిపోతాయి. విరేచనానికి మందుగా వాడే సునాముఖి కూడా ఈ తంగేళ్ల చుట్టమే. మనిషి చిటికెడు మింగితే పొద్దున్నే పరుగెత్తించే గుణం ఉన్న కుటుంబపు ఆకుని ఈ గొంగళి పగలంతా నమిలి అరిగించుకుంటుంది.

గుడ్డు పెట్టే వైనం చూసి తీరాలి. కడుపుతో ఉన్న ఆడది పువ్వుల వైపు పోదు. రేల కొమ్మ చివర, ఇంకా రాగిరంగు వదలని లేత చిగురు చుట్టూ తచ్చాడుతుంది. ఒక ఆకు మీద వాలి ముందుకాళ్లతో టపటపా తడుతుంది, వదిలేస్తుంది, పక్కదాన్ని తడుతుంది. ఆ కాళ్లలో రుచి తెలిసే కణాలున్నాయి. ఆకు తన పిల్ల తినేదేనా అని పాదంతోనే రుచి చూస్తోందన్న మాట. నచ్చాక పొట్ట చివర వంచి ఒక్కటంటే ఒక్క గుడ్డు నిలబెట్టి అంటిస్తుంది, లేచిపోతుంది. అంతా రెండు మూడు సెకన్ల పని. ఫొటో తీసేవాడు పువ్వు దగ్గర కాపు వేస్తే ఇది దొరకదు. చిగురు దగ్గర కాపు వేయాలి.

గుడ్డు రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, తెల్లగా, రెండు కొసలూ సన్నగా. మూడు రోజుల అటూఇటూగా పిల్ల బయటికి వస్తుంది. మొదటి భోజనం తన గుడ్డు పెంకే. ఆ తరవాత ఆకు. ఆకుపచ్చని ఒళ్లు, పక్కన లేత పసుపు చార, దాన్ని ఆనుకుని నల్లని చుక్కలు. ఆకు ఈనె వెంబడి పడుకుంటే వేలు పెట్టి చూపించినా పక్కవాడికి కనపడదు. నాలుగుసార్లు చర్మం మార్చి, నాలుగైదు సెంటీమీటర్లయ్యాక ఆకు అడుగున ప్యూపాగా మారుతుంది. అదీ ఆకుపచ్చగానే, ఆకు మడతలానే. రెక్కలు విప్పే ముందు రాత్రి ఆ పచ్చని తొడుగు పలచబడి లోపల పసుపు కనిపిస్తుంది. అది చూశారంటే తెల్లారకముందే కెమెరా సిద్ధం చేసుకోండి. చాలావరకు ఉదయం వేళే బయటపడతాయి. నలిగిన గుడ్డపేలికల్లా వేలాడే రెక్కలు మన కళ్లెదుటే విచ్చుకుంటాయి. ఆ తరవాత కూడా గంటా రెండు గంటలు ఎగరదు. 

గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం మూడు, నాలుగు వారాలు. ఒక వాన, దాని వెనక చిగురు, దాని వెనక గుడ్లు, దాని వెనక ఒక్కుమ్మడిగా వేలాది రెక్కలు. చిగురంతా తినేశాక అక్కడే కూర్చుంటే తరవాతి తరానికి ఆకు ఉండదు. లేచి వెళ్లడమే మార్గం. వలసకి మూలం ఈ ఆకలి లెక్కే.

కెమెరా దగ్గర పేచీలు

ఎమిగ్రెంట్‌తో మొదటి పేచీ, అది రెక్కలు విప్పి కూర్చోదు. వాలిందంటే రెక్కలు మూసేస్తుంది. పైభాగపు రంగు కావాలంటే ఎగురుతుండగా తీయాల్సిందే. సెకనులో రెండువేలవ వంతు వేగానికి తగ్గితే రెక్క అలికేసినట్టు వస్తుంది. కంటికి ఆనించి వెతికితే దొరకదు. పువ్వు మీద ముందే ఫోకస్ పెట్టుకుని, వాలబోయేదానికో లేవబోయేదానికో వరసగా తీస్తూ పోవాలి. చాలా వరకు తీసేయాల్సినవే వస్తాయి. ఫిల్ము రీలు రోజుల్లో ఈ పని చేసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి.

రెండో పేచీ రంగుతో. మధ్యాహ్నపు ఎండలో పసుపు రెక్క మండిపోతుంది. ముదురు ఆకుల నేపథ్యం చూసి కెమెరా వెలుతురు పెంచుతుంది, దాంతో రెక్క మీది సన్నని ఈనెలన్నీ మాయమై ఒక పసుపు మరక మిగులుతుంది. ఎక్స్‌పోజర్‌ని అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు తగ్గిస్తే తిరిగి వస్తాయి. ఫోనులో అయితే తెర మీద రెక్కని తాకి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కిందికి లాగితే అదే పని.

అన్నిటికన్నా మేలైన వేళ ఉదయం ఆరు, ఏడు గంటలు. రాత్రి ఆకుల అడుగున వేలాడి నిద్రపోయిన ఎమిగ్రెంట్లు ఎండ తగిలేదాకా కదలవు. మబ్బు పట్టిన రోజు పగలు కూడా అలాగే దాక్కుంటాయి. పండుటాకుల మధ్య పండుటాకులా ఉంటాయి కాబట్టి వెతకడమే అసలు పని. దొరికాక కెమెరాని రెక్కకి సమాంతరంగా పట్టుకుంటే చాలు, కొస నుంచి కొస దాకా స్పష్టంగా వస్తుంది. ఎదురుగా సూర్యుడుండేలా నిలబడితే ఆ మూసిన రెక్క దీపం వెనక పట్టిన కాగితంలా వెలుగుతుంది. మన నీడ మాత్రం దాని మీద పడకూడదు. కెమెరా శబ్దానికి బెదరనిది నీడకి బెదురుతుంది.

నదుల పక్కన ఉన్నవాళ్లకి ఇంకో అదృష్టం. నాగావళి, చంపావతి ఇసుక తడిగా ఉన్నచోట మగవి గుంపుగా వాలి నీరు పీలుస్తాయి. అది దాహం కాదు. ఆకులో దొరకని ఉప్పు కోసం. ఆ సోడియాన్ని జతకట్టేటప్పుడు ఆడదానికి అందజేస్తాయి. అంత తన్మయత్వంలో ఉన్నప్పుడు పాకుతూ వెళ్తే చేతికందే దూరం దాకా రానిస్తాయి.

ఒక మాట కటువుగా చెప్పాలి. సీతాకోకచిలుకని పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మత్తుగా అయ్యాక పువ్వు మీద కూర్చోబెట్టి తీసే పద్ధతి ఒకటుంది. పోటీలకి వచ్చే కొన్ని ఫొటోల్లో కాళ్లు పువ్వుని పట్టుకున్న తీరు చూస్తేనే అనుమానం వస్తుంది. దాన్ని ఫొటోగ్రఫీ అనలేం.

రెక్కలోంచి మాత్రలోకి

ఇక్కడ కొంచెం దారి తప్పుతాను. ఈ పసుపు ఎక్కడిదని వెతికితే కథ భీమవరం దాకా వస్తుంది.

1889లో ఇంగ్లండ్‌లో గౌలండ్ హాప్‌కిన్స్ అనే యువకుడు పసుపు సీతాకోకచిలుకల రెక్కల్లోని రంగుని విడదీసి పరీక్షించాడు. విటమిన్ల మీద పనికి 1929లో నోబెల్ పంచుకున్న హాప్‌కిన్సే ఆయన. ఆ రంగు పదార్థాలకి తరవాత టెరిన్లని పేరొచ్చింది. వాటి నిర్మాణం తేలింది 1940లో. అదే వలయం ఫోలిక్ ఆమ్లంలోనూ ఉందని బయటపడింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టినవాడు. ఆ అణువునే కాస్త మార్చి వాళ్లు తయారుచేసిన అమినోటెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి తాత్కాలికంగానైనా ఊరట ఇవ్వగలిగాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. కీళ్లవాతానికి ఈ రోజు డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్ ఆ వరసలోదే. గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండే ఫోలిక్ ఆమ్లంలోనూ, మా గోడ దాటిపోయే రెక్కలోనూ ఒకే రకం వలయం ఉంది.

సూర్యుణ్ని చూసేవాడు రాసుకున్న పుస్తకం

మళ్లీ దిక్కు దగ్గరికి వద్దాం. దక్షిణ భారతంలో సీతాకోకచిలుకల వలస గురించి మనకి పాత ఆధారాలు ఇచ్చినవాళ్లలో ఒకాయన కీటక శాస్త్రజ్ఞుడు కాదు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. కొడైకెనాల్ అబ్జర్వేటరీలో పనిచేసిన జాన్ ఎవర్షెడ్. సూర్యుడి మచ్చల్లో వాయువులు బయటికి పారుతున్నాయని 1909లో కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆ కొండ మీద పగలంతా ఆకాశం వైపు చూసే ఉద్యోగంలో ఉండగా, మధ్యలో వచ్చిపోయే సీతాకోకచిలుకల్ని కూడా రాసి పెట్టాడు. ఆయన రాతల్నీ, శ్రీలంకలో మరికొందరు రాసుకున్నవాటినీ కలిపి సి.బి. విలియమ్స్ అనే కీటక శాస్త్రజ్ఞుడు 1927లో దక్షిణ భారతం, సిలోన్ వలసల మీద పెద్ద పరిశీలన అచ్చు వేశాడు. దాన్ని ఈ రోజుకీ ఉదహరిస్తారు. అందులో ఎవరూ మాక్రో లెన్సుతో తీసిన అందమైన ఫొటోలు చూసి మురిసిపోలేదు. ఏ రోజు, ఎక్కడ, ఎటు నుంచి ఎటు. అంతే.

శ్రీలంకలో శ్రీపాద కొండకి సీతాకోకచిలుకల కొండ అనే పేరుంది. అవి యాత్రకి పోతున్నాయని అక్కడివాళ్ల నమ్మకం. ఇక దూరాల మాటకొస్తే, 2013లో ఫ్రెంచ్ గయానా సముద్రతీరాన చిరిగిన రెక్కలతో దొరికిన పెయింటెడ్ లేడీ సీతాకోకచిలుకలు ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి కనీసం 4,200 కిలోమీటర్లు వచ్చాయని 2024లో తేల్చారు. ఒంటికి అంటిన పశ్చిమాఫ్రికా మొక్కల పుప్పొడి కూడా సాక్ష్యమైంది. మన పక్కనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, జి. మీరాబాయి సీతాకోకచిలుకలు పుప్పొడిని ఎలా మోస్తాయో 1984లోనే రాశారు. అంటే ఈ విద్య మనకి కొత్తది కాదు. పెరళ్లలోకి రాలేదంతే.

వలస అనగానే ఉత్తరాంధ్రవాడికి ముందు మనుషులు గుర్తొస్తారు. గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్లే మత్స్యకారులు, హైదరాబాద్, చెన్నై రైళ్లెక్కే కుటుంబాలు. ఆ పోలిక నోటి చివర ఆడుతుంది కానీ నేను ఒప్పుకోను. వెరావల్ వెళ్లినవాడు సంక్రాంతికి ఇంటికి రావాలని చూస్తాడు. పసుపు రెక్కలది తిరుగు టిక్కెట్టు లేని ప్రయాణం. కొన్ని వారాల బతుకు. వెనక్కి వచ్చేదేదైనా ఉంటే అది దాని సంతానం, ఎప్పుడూ చూడని దారిలో.

ఫోను రాయనిది మనం రాయాలి

ఫోనుతో తీసిన ప్రతి ఫొటోలో తేదీ, సమయం దానంతటదే పడుతుంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఊరు కూడా. అది ఎటు పోతోందో మాత్రం ఏ ఫోనూ రాయదు. అందుకని నా పద్ధతి చెబుతాను. దండెం కట్టిన రెండు స్తంభాల మధ్య ఉన్న దూరాన్ని ఒక గీత అనుకోండి. గడియారం పెట్టుకుని పది నిమిషాలు ఆ గీత దాటినవాటిని లెక్కపెట్టండి. ఇటు నుంచి అటు ఎన్ని, అటు నుంచి ఇటు ఎన్ని. దిక్కుకి ఫోనులోని కంపాస్ చాలు. గాలి ఎటు వీస్తోందో, ఎండా మబ్బా రాయండి. ఒక్కటీ రాని రోజు సున్నా వేయండి. సున్నా వేయడానికి మనకి బద్ధకం, కానీ సున్నాలు లేకపోతే వందకి విలువ తెలియదు. ఫొటోని ఐనాచురలిస్ట్‌లో గానీ, బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో గానీ పెడితే జాతి పేరు తెలిసినవాళ్లు సరిచూస్తారు. 2020 నుంచి ఏటా సెప్టెంబరులో దేశమంతటా బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుపుతున్నారు. మన పసుపు రెక్కలకి అది సరిగ్గా కుదిరే నెల.

చెట్ల సంగతి కూడా చూడాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి నేలకొరిగాయి. విరిగిన చెట్టు మళ్లీ చిగురిస్తే ఎమిగ్రెంట్‌కి గుడ్డు పెట్టే చోటు దొరుకుతుంది. నరికి రోడ్డు వేసిన చోట దొరకదు. రోడ్ల వెడల్పులో సీమ తంగేళ్లు, రేలలు పోయాయి. మిగిలిన జానెడు పెరటి నేలనీ సిమెంటు గచ్చు చేసి, అంచున మొలిచినదానికి గడ్డిమందు కొడుతున్నాం. ఆ మందు కొట్టేది ఎక్కువగా తగిరిస, కసింద మీదే. చుట్టూ కుండీల్లో నర్సరీ పూలు పెట్టి, సీతాకోకచిలుకలు తగ్గిపోయాయని బాధపడేవాళ్లని నేను చాలామందిని చూశాను.

కాబట్టి ఈ వానాకాలం మీ పెరట్లో మొలిచిన తగిరిస మొక్కల్ని అన్నిటినీ పీకేయకండి, ఓ నాలుగు వదలండి. గొంగళి కనిపిస్తే పురుగుమందు డబ్బా తీయకండి. స్థలం ఉన్నవాళ్లు ఒక రేల మొక్క నాటండి. పసుపు రెక్క గోడ దాటితే ఫొటో తీయండి, తీశాక దాని కింద తేదీ, ఊరు, దిక్కు రాయండి.